గోధుమ లేని బువ్వబంతి

నేను చేసిన ఉద్యోగానికి కాగితాల మీద ఉన్న పేరు ఆహార నిపుణురాలు. వార్డులో రోగులు పెట్టిన పేరు పథ్యం అమ్మగారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆస్పత్రుల్లో ముప్పై రెండేళ్ళు ఆ పేరుతోనే తిరిగాను. ఎవరైనా నన్ను చూడగానే పక్కన పెట్టుకున్న జంతికల పొట్లం దుప్పటి కింద దాచేసేవారు. ఆ గౌరవం ఒక్కటి మాత్రం చివరిదాకా దక్కింది.

మొన్న మా చెల్లెలి కూతురు ఇదే చదువు పూర్తి చేసి, ఉద్యోగంలో చేరే ముందు వచ్చింది. "పెద్దమ్మా, నాలుగు మాటలు చెప్పు" అంది. షుగరు రోగుల గురించి మొదలుపెట్టాను, మూత్రపిండాల రోగుల గురించి మొదలుపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టినా మాట వెళ్ళి నూకరత్నం దగ్గరే ఆగింది. నాకు ఈ పని నేర్పింది కాలేజీ అని చాలాకాలం అనుకున్నాను. నిజానికి నేర్పింది ఆ పిల్లా, వాళ్ళమ్మా. అందుకని ఇక్కడ వాళ్ళ సంగతే రాస్తున్నాను.

మేం పెట్టిన బ్రెడ్డు

పదిహేనేళ్ళ కిందటి మాట. నూకరత్నానికి అప్పుడు తొమ్మిదేళ్ళు, చూడటానికి ఆరేళ్ళ పిల్లలా ఉండేది. చేతులు పుల్లల్లా ఉండి, పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది. రెప్ప తిప్పి చూస్తే లోపల ఎరుపన్నది లేదు. భావనపాడు నుంచి తల్లి గౌరమ్మ తీసుకొచ్చింది. తండ్రి సముద్రం మీద వేటకు వెళ్తాడు, గౌరమ్మ గంప ఎత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళలో చేపలు అమ్ముతుంది. పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. విరేచనాలు ఆగవు, ఒళ్ళు పట్టదు. నట్టల మందు మూడుసార్లు వేశారు, రక్తం పట్టే మందులు సీసాలకు సీసాలు తాగించారు.

ఆ పిల్లతో పది నిమిషాలు మాట్లాడి కేసు కాగితం మీద నేను రాసిన మాటలు ఇవి: "ఇంటి మీద బెంగ. తిండి సరిగా తినదు." హాస్టలు పిల్లలందరికీ అప్పట్లో నేను రాసే మాటే అది. రాయడం తేలిక, ఎవరూ కాదనరు.

నాలుగోరోజు గౌరమ్మ నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"అమ్మా, ఇది బెంగ కాదమ్మా. మా గుంట ఏసవి సెలవులకి ఇంటికొస్తే పది దినాల్లో తేరుకుంతాది. కూడు తింతాది, సేపలు తింతాది, సోడి అంబలి తాగుతాది. హాస్టలుకి ఎల్లిందంతే మళ్ళీ ఎండిపోతాది. ఈ ఆస్పత్రికొచ్చినాక మరీ ఎక్కువైపోనాది. మీరెట్టిన రొట్టి తిన్న కాడ్నుంచీ రోజుకి ఎనిమిదిపాల్లు ఎల్తన్నాది."

వార్డులో కడుపు బాగాలేని పిల్లలకు మేం ఇచ్చేది పాలు, బ్రెడ్డు. తేలిక ఆహారం అని దాని పేరు.

"బ్రెడ్డుకేమమ్మా, తేలిగ్గా అరుగుతుంది" అన్నాను.

"నీకు అరుగుతాది. దీనికి అరగనేదు. సూడమ్మా ఓపాలి" అంది.

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే ఆ గొంతులో ఫిర్యాదు లేదు, తను కళ్ళారా చూసినదాన్ని చెబుతోంది, అంతే. ఆ మధ్యాహ్నం తల్లీకూతుళ్ళను కూర్చోబెట్టుకుని ఒక నోటుపుస్తకంలో గీత గీశాను. ఒక పక్క ఇంట్లో తినేవి, ఒక పక్క హాస్టల్లో తినేవి. ఇంటి పక్క బియ్యం, చోళ్ళు అనే రాగులు, కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చేపలు, చింతపండు. హాస్టలు పక్క రవ్వ ఉప్మా, చపాతీ, సేమియా, బిస్కట్లు, పాలు. రాయడం పూర్తయ్యేసరికి గోధుమ ఎటువైపు ఉందో కళ్ళకు కట్టినట్టు కనపడింది.

పెద్ద డాక్టరుగారి మాట

పిల్లల వార్డుకు పెద్ద ఒక డాక్టరుగారు ఉండేవారు. కోపిష్టి. ఆయన నడిచొస్తుంటే ట్రేలు పట్టుకున్న నర్సులు గోడకు జరిగేవారు. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు పదార్థం ఉంటుంది, చపాతీ పిండి సాగేది దానివల్లే. కొందరికి అది పేగు లోపలి పొరను పాడుచేస్తుంది. అప్పుడిక ఏం తిన్నా ఒంటికి పట్టదు. చదువుకునేటప్పుడు ఆ జబ్బు గురించి అర పేజీ చదివాను, ఒక్క రోగినీ చూడలేదు. నోటుపుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"గోధుమ జబ్బు ఉత్తరాది వాళ్ళది. మనం అన్నం తినేవాళ్ళం. మన జిల్లాలో ఎక్కడుంది?" అన్నారు.

"ఆ పిల్ల హాస్టల్లో మూడు పూటల్లో రెండు పూటలు గోధుమే తింటోంది సార్" అన్నాను.

ఆయన నోటుపుస్తకం వైపు కాసేపు చూశారు. "సరే, రక్తం పంపిద్దాం. నీ ముచ్చట తీరుతుంది" అన్నారు. నేను ఆ రోజునుంచే బ్రెడ్డు ఆపించబోతే మాత్రం గట్టిగా కేకలేశారు. గోధుమ మానేసిన తర్వాత పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా కనపడకపోవచ్చు. ముందు పరీక్ష, తర్వాత పథ్యం. కొత్తగా చేరే పిల్లలు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. అనుమానం రాగానే మాన్పించేయాలని మీ చెయ్యి దురద పెడుతుంది. ఆగండి.

విశాఖపట్నం నుంచి ఫలితం వచ్చింది. గొట్టం వేసి పేగు ముక్క తీసి చూసిన పరీక్షలోనూ అదే తేలింది. మర్నాడు రౌండ్సులో డాక్టరుగారు నేరుగా ఆ మంచం దగ్గరకు వెళ్ళారు. వెనక హౌస్ సర్జన్లు, నర్సులు, నేను.

"అమ్మా, నువ్వు చెప్పిందే నిజం. నేను పొరపడ్డాను" అన్నారు గౌరమ్మతో.

ఆయన నోట ఆ మాట ఎవరూ విని ఉండరు. గౌరమ్మకు మాత్రం అదేమీ పట్టలేదు.

"పొరపడితే పడ్డారులే బాబూ. మా గుంట బాగవుతాదా?"

"అవుతుంది. కాని దీనికి మందు లేదు. జీవితాంతం గోధుమ తినకూడదు."

"సూది నేదా? మాత్ర నేదా?"

"లేవు."

"ఆపరేసను?"

"అదీ లేదు. గోధుమ మానేస్తే చాలు."

గౌరమ్మ నోరంతా తెరిచి నవ్వింది. "ఓలమ్మో, ఇంతేనేటి! మా అమ్మ పుట్టినకాడ్నుంచి సచ్చేదాకా గోధుమ మొహం సూణ్ణేదు బాబూ, ఎనబయ్యేళ్ళు బతికినాది!"

హౌస్ సర్జన్లు నవ్వారు, డాక్టరుగారూ నవ్వారు. జబ్బు పేరు చెప్పగానే తల్లి నవ్విన మంచం నా ఉద్యోగంలో అదొక్కటే.

తీసేయడంలో ఉన్న సుఖం

నా మొదటి తప్పు బెంగ అని రాయడం. రెండో తప్పు చెబుతున్నాను.

గోధుమ మాన్పించాక పిల్ల కాస్త తేరుకుంది. కాని పాలు తాగితే పొట్ట ఉబ్బేది. పాడైన పేగుకు పాలు అరగవు, అది తెలిసినదే. పాలు తీసేశాను. ఒకసారి గుడ్డు తిన్న రోజున ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి, గుడ్డు తీసేశాను. వేరుశనగ పలుకులు తిన్న మర్నాడు కడుపునొప్పి అంది, పలుకులు తీసేశాను. తర్వాత పప్పులు, తర్వాత రొయ్యలు. ప్రతిసారీ పట్టికలో ఒక కొట్టివేత పెట్టి, ఏదో కనిపెట్టినట్టు సంతోషపడేదాన్ని. మూడో నెలకు పిల్ల బరువు మళ్ళీ తగ్గింది.

పట్టిక చేతికిచ్చినప్పుడు గౌరమ్మ అడిగింది. "ఇంక మిగిలింది నానేనమ్మా. నన్ను కూడా మానెయ్యమంతావేటి?"

అప్పుడు సిగ్గేసింది. తీసేయడం ఎవరైనా చేస్తారు. ఏది తిరిగి పెట్టవచ్చో ఓపికగా చూడటానికే మనకు జీతం. ఆ రోజు నుంచి ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చాను. ఒక వారం ఒకటే వస్తువు, ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం. తిన్నప్పుడు దద్దుర్లు వచ్చిన వస్తువును మాత్రం డాక్టరుగారి ఎదుటే, ఆస్పత్రిలోనే. గుడ్డు నిర్దోషి అని తేలింది. పలుకులు నిర్దోషులు. పప్పులు నిర్దోషులు. అసలు దద్దుర్లు తెచ్చింది గుడ్డుతో పాటు ఆ రోజు తిన్న రొయ్యలు. పాలు మాత్రం పడలేదు, మజ్జిగ పడింది. చివరికి పట్టికలో మూడే మిగిలాయి. గోధుమ, పాలు, రొయ్య.

"సేపలోళ్ళ గుంటకి రొయ్య పడదంతే ఊరు ఊరంతా నవ్వుతాది" అంది గౌరమ్మ. ఆ మాట అంటూ ఆవిడే అందరికంటే ముందు నవ్వింది.

భావనపాడులో ఒక పూట

పప్పులు తిరిగి మొదలుపెట్టినప్పుడు నేనొక సలహా ఇచ్చాను. ఆ సలహా సంగతి తర్వాత తెలుస్తుంది.

హాస్టలు వాళ్ళతో మాట్లాడి పిల్లకు మూడు పూటలా అన్నమే పెట్టించాను. ఆర్నెల్లు బాగా సాగింది. పిల్ల పొడుగైంది, బుగ్గలు వచ్చాయి. సెలవులకు ఇంటికి వెళ్ళి నెల తిరిగేసరికి మళ్ళీ మొదటికి వచ్చింది. విరేచనాలు, నీరసం. ఇంటి దగ్గర బాగుండే పిల్లకు ఇంటి దగ్గరే ఎక్కువైంది. నాకు ఒకటే తోచింది, వీళ్ళు దొంగతనంగా ఏదో పెడుతున్నారని. వార్డులో పదిమంది ఎదుట గౌరమ్మను నిలబెట్టి అడిగేశాను.

"నిజం చెప్పు. బిస్కట్టు పెట్టావా? రొట్టె పెట్టావా? ముద్దు చేసి పిల్లను చంపుకుంటావా?"

గౌరమ్మ ఏడవలేదు, అరవలేదు. "నువ్వు సెప్పింది తప్ప ఇంకోటి సెయ్యనేదమ్మా. నమ్మకపోతే మా ఇంటికొచ్చి సూడు" అంది. ఆ గంపలు మోసే మెడ ఒక్క వీసం కూడా వంచలేదు.

వెళ్ళాను. పట్టుకుందామనే వెళ్ళాను, దాచడమెందుకు. ఆదివారం పొద్దున్న బస్సెక్కి, నౌపడ దగ్గర ఉప్పుమళ్ళు దాటుకుని భావనపాడు చేరేసరికి ఎండ ఎక్కింది. రెండు గదుల ఇల్లు. వంటగదిలో పీట వేసి కూర్చోబెట్టారు. పొయ్యి, గిన్నెలు, డబ్బాలు అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. ఒక్కొక్క డబ్బా మూత తీసి చూశాను. బియ్యం, చోడిపిండి, కందిపప్పు, ఎండుమిరప, ఎండు నెత్తళ్ళు. గోధుమ అన్న మాటే లేదు. గౌరమ్మ నా ముందే పప్పు ఉడకబెట్టి తాలింపు పెట్టింది. ఆఖర్న చిన్న పసుప్పచ్చ డబ్బా తీసి నూనెలో చిటికెడు పొడి వేసింది. ఘుమ్మని వాసన.

"ఇంగువ వాడతారా మీరు?" అన్నాను. ఆ ఇళ్ళలో ఆ వాసన నేనెప్పుడూ ఎరగను.

"ఎక్కడమ్మా! మా ఇంట ఎప్పుడూ నేదు. పప్పు తింతే కడుపు ఉబ్బకండా ఇంగువెయ్యమని నువ్వే సెప్పినావు కదా. టెక్కలి ఎల్లి కొని తెచ్చినాను. మా ఆయన ఈ కంపేటే అని తిట్టినా ఏస్తన్నాను."

డబ్బా చేతిలోకి తీసుకున్నాను. వెనక చీమల బారులాంటి ఇంగ్లీషు అక్షరాలు. ఆ రోజు కళ్ళజోడు తేలేదు. నూకరత్నం వచ్చి నా భుజం మీంచి వంగి, బడిలో చదివినట్టు గట్టిగా కూడబలుక్కుంది.

"డబ్ల్యూ, హెచ్, ఈ, ఏ, టీ."

చదివి నా మొహం చూసింది. "అమ్మగారూ, ఇది గోధుమ కదా?"

అసలు ఇంగువ బంక ముద్దలా ఉంటుంది. పొడి చేసి అమ్మేటప్పుడు చాలామంది గోధుమ పిండి కలుపుతారు. ఈ సంగతి నాకు తెలిసి ఉండాలి. మరిచాను. పిల్లకు రోజూ రెండు పూటలా గోధుమ తినిపించినది నేను, తిట్టింది తల్లిని.

పెద్ద డాక్టరుగారు ఆ మంచం దగ్గర అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన అనగలిగినప్పుడు నేనెంత? "గౌరమ్మా, తప్పు నాది. అందరి ముందూ నిన్ను అన్నాను. అందరి ముందూ చెబుతాను" అన్నాను.

గౌరమ్మ డబ్బా తీసుకుని వీధిలోకి విసిరేసింది. తర్వాత నా వైపు తిరిగి, "వార్డులో మరి సెప్పకు. నీ మాట ఇనే పేసెంట్లు రేపట్నుంచి ఇనరు. దొరికినాది కదా, అదే సాలు. లే, సేతులు కడుక్కో, కానాగంత సేపల పులుసు సల్లారిపోతాది" అంది.

ఆ పులుసు రుచి గురించి రాయను. రాస్తే ఇది వంటల పుస్తకమవుతుంది. వార్డులో మాత్రం సోమవారమే చెప్పాను. నా మాట వినడం ఎవరూ మానలేదు. పైగా జంతికలు దాచడం కొంత తగ్గింది.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. పథ్యం కుదరని రోగి ఇంటికి వెళ్ళి, వంట అయ్యేదాకా పీట మీద కూర్చోవడం. మీ పట్టిక ఎంత గొప్పదైనా సరే, పొయ్యి దగ్గర ఒక పూట కూర్చుంటే గాని అందులో చిల్లు ఎక్కడుందో తెలియదు.

నూకరత్నానికీ ఒక అలవాటైంది. కనపడ్డ ప్రతి పొట్లం వెనక చదవడం. హాస్టల్లో పిల్లలు బిస్కట్టు పొట్లాలు తెచ్చి దీనికిచ్చి చదివించుకునేవారట, ఆట కింద. ఆ చదివే అలవాటే పైకి తెచ్చిందో ఏమో, పెద్దయ్యాక రాజాంలో ఒక కాలేజీలో ల్యాబులో ఉద్యోగం వచ్చింది.

నౌపడ అత్తగారు

నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన మరుసటి ఏడు నూకరత్నం ఫోను చేసింది. పెళ్ళి సంబంధం వచ్చింది, నౌపడ వాళ్ళు. అబ్బాయి లక్ష్మణరావు మంచివాడు. గౌరమ్మ మాత్రం జబ్బు సంగతి చెప్పవద్దంటోంది.

గౌరమ్మ ఫోను లాక్కుంది. "నువ్వైనా సెప్పమ్మా దీనికి. జీవితాంతం ఉండే జబ్బు అంతే ఎవులు సేసుకుంతారు? పెళ్ళయినాక మెల్లగా సెప్పుకుందుము."

ఇంగువ డబ్బా విసిరేసిన మనిషి ఇంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు. "మొదటి పూటే పూరీ పెడితే ఏం చేస్తుంది గౌరమ్మా?" అన్నాను. ఫోను మళ్ళీ నూకరత్నం చేతిలోకి వెళ్ళింది. "నాను సెప్పేస్తానమ్మగారూ" అంది.

చెప్పేసింది. నౌపడలో వాళ్ళింట్లో అందరూ కూర్చుని ఉండగా, కాబోయే అత్తగారు తవిటమ్మ పళ్ళెంలో గోధుమ హల్వా పెట్టి తెచ్చిందట. నూకరత్నం పళ్ళెం పక్కన పెట్టి, "అత్తా, నాకు గోధుమ పడదు. జబ్బు. ఎప్పటికీ తినకూడదు" అందట. గౌరమ్మ కళ్ళు మూసుకుందట.

తవిటమ్మ ఉప్పుమళ్ళలో పని చేసి చేసి నల్లబడ్డ మనిషి. నిదానంగా అడిగిందట.

"కూడు తింతావా?"

"తింతాను."

"సేప?"

"తింతాను. రొయ్య ఒకటి పడదు. పాలూ పడవు."

"సోడి అంబలి?"

"తాగుతాను."

"మరింకేటి నొప్పి? మా ఇంట రోజూ వండేది అవే కదే!"

ఇదంతా గౌరమ్మ నాకు ఫోనులో చెబుతూ మధ్యలో రెండుసార్లు ముక్కు చీదింది.

పెళ్ళి వంట దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. ఈ రోజుల్లో పెళ్ళంటే రోటీల కౌంటరు, గోబీ మంచూరియా, కాజాలు. అన్నిట్లోనూ మైదాయే. పెళ్ళికూతురి పళ్ళెంలో గోధుమ లేకుండా చూడవచ్చు, కాని అదే నూనెలో వేగితే? అదే గరిటె తగిలితే? పైగా పెళ్ళికూతురి నోట్లో తీపి కుక్కని చుట్టం ఉండదు. ఈ సంగతి తవిటమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి నేను నౌపడ వెళ్ళాను. బొమ్మలు గీసిన కాగితాలు కూడా పట్టుకెళ్ళాను.

"చూడు తవిటమ్మా, చిటికెడు పిండి కూడా..." అని మొదలుపెట్టాను.

"ఆగమ్మా" అంది. "ముప్పయ్యేళ్ళు ఉప్పు తోడినదాన్ని. సిటికెడు ఏటి సేస్తాదో నాకు నువ్వు సెప్పాలేటి?"

కాగితాలు సంచిలోంచి తీయలేదు. వంట మేస్త్రి అప్పన్నను పిలిచి తవిటమ్మ ఒకటే మాట చెప్పింది. "గోధుమ, మైదా, రవ్వ, సేమియా ఈ పెళ్ళిలో అడుగెట్టకూడదు. కోడలికే కాదు, ఎవులికీ వద్దు. ఒకే పందిట్లో రెండు వంటలేటి?"

అప్పన్న తల గోక్కున్నాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. బూరెలు, అరిసెలు, సున్నుండలు, గారెలు, పులిహోర, చేపల పులుసు, కోడికూర. "అత్తా, మన తాతలు పెట్టిన బంతి ఇదే కదేటి! పాలు కలిపే పరమాన్నం ఒక్కటి మానేస్తాను. ఇంగువ నాను బంక తెచ్చి దంచుకుంతాను" అన్నాడు. అతనికి ఇంగువ సంగతి ఎవరు చెప్పారని చూస్తే, పక్కన నూకరత్నం నవ్వుతోంది.

పెళ్ళి రోజు

పెళ్ళినాడు పొద్దున్నుంచీ తవిటమ్మ పొయ్యిల దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది. పెళ్ళికొడుకు తల్లి పందిట్లో ఉండాలని చుట్టాలు లాగినా కదల్లేదు. ఎవరో బంధువు అభిమానంగా కాజాల బుట్ట తెస్తే, అది పందిరి గుమ్మం దాటకుండానే వాళ్ళ ఆటోలోకి తిరిగి వెళ్ళింది. రోటీల కౌంటరు లేదేమని ఒక పెద్దాయన అడిగితే, అప్పన్న ఆయన విస్తట్లో వేడి వేడి గారెలు మూడు వేశాడు. ఆయన మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

తాళి కట్టాక బువ్వబంతి. కొత్త జంట ఒకే పళ్ళెంలో, ఒకరికొకరు తినిపించుకుంటూ, రెండు వైపుల వాళ్ళూ చుట్టూ కూర్చుని తినే బంతి. నేను గౌరమ్మ పక్కన కూర్చున్నాను. ఎన్నో పెళ్ళిళ్ళలో ఇలాంటి రోగుల్ని చూశాను. మెతుకు కెలుకుతూ, ఎవరు ఏం నోట్లో పెడతారోనని బెదురుతూ, ఇంటికెళ్ళి తింటామని చెప్పేవారు. నూకరత్నం వైపు ఆ భయంతోనే చూశాను.

మేనత్త వచ్చి అరిసె నోట్లో పెట్టింది. నూకరత్నం తినేసింది. పెద్దమ్మ వచ్చి సున్నుండ పెట్టింది. తినేసింది. ఆడపడుచు బూరె పెట్టింది. అదీ తినేసింది. ఎవరినీ ఏమీ అడగలేదు, ఎవరి చెయ్యీ ఆపలేదు. పులిహోర అయింది, చేపల పులుసు అయింది. లక్ష్మణరావు ముద్ద కలిపేలోపు పళ్ళెంలో అటువైపు ఖాళీ అయిపోతోంది.

"మావా, బూరి ఇంకోటి!" అని అప్పన్నను కేకేసింది.

వరసలో ఒక ముసలామె నోరు నొక్కుకుంది. "ఓలమ్మ, పెళ్ళికూతురికి సిగ్గు నేదేటే, అలాగ తింతన్నాది!"

తవిటమ్మ పొయ్యి దగ్గర్నుంచే లేచి అరిచింది. "నా కోడలు తింతన్నాది, నీకేటి కష్టం? అప్పన్నా, ఒకటి కాదు, రెండెయ్యి!"

బంతి బంతంతా గొల్లుమంది. పక్కన గౌరమ్మ నవ్వుతూనే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. అప్పన్న బూరెల పళ్ళెంతో వచ్చి నూకరత్నానికి రెండు వేశాడు. నా విస్తరి వైపు తిరిగి, "పథ్యం అమ్మగారూ, మీకో?" అన్నాడు.

నాకు షుగరుంది. రెండు వేయించుకున్నాను.